మీసం స్త్రీలింగమైన భాషలో రచయిత్రిని ఏమంటారు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, చదివే మిగతావారికీ తెలుస్తుంది. మీరు తెలుగులో కథలు రాస్తారు. రెండేళ్లుగా ఫ్రెంచ్ నేర్చుకుంటున్నారు. ఒక ఫ్రెంచ్ పత్రికకు కథ పంపుతూ ఇంగ్లీషులోనూ ఫ్రెంచ్‌లోనూ నాలుగేసి వాక్యాల పరిచయం రాసుకున్నారు. ఇంగ్లీషులో 'ఆథర్' అనాలా 'ఆథరెస్' అనాలా, ఫ్రెంచ్‌లో 'ఓతర్' సరిపోతుందా అన్నది సందేహం. దానికి తోడు, ఫ్రెంచ్‌లో బల్ల ఎందుకు ఆడది, పుస్తకం ఎందుకు మగది, దీనికి సూత్రం ఏదైనా ఉందా అని కూడా అడిగారు. ఇరవై రెండేళ్లుగా ఈ రెండు భాషలూ పాఠం చెబుతున్నాను. మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబివ్వవచ్చు. అయితే బల్ల సంగతి తేలితే గాని ఆ మాట ఎందుకు అదే అయిందో తెలియదు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఫ్రెంచ్‌లో స్త్రీలింగపు మాట ముందు 'లా', పుంలింగపు మాట ముందు 'లె' వస్తాయి. గడ్డం స్త్రీలింగం: 'లా బార్బ్'. మీసమూ స్త్రీలింగమే: 'లా ముస్తాష్'. మగతనం అనే మాట 'విరిలితే', అదీ స్త్రీలింగమే. స్త్రీవాదం మాత్రం పుంలింగం: 'లె ఫెమినిస్మ్'. మగవాళ్లు తొడుక్కునే చొక్కా 'లా షెమీజ్' స్త్రీలింగమైతే, ఆడవాళ్లు తొడుక్కునే చొక్కా 'లె షెమీజ్యే' పుంలింగం. మొదటి రోజు తరగతిలో ఈ మాటలను బోర్డు మీద వరసగా రాసేస్తాను. నవ్వుకోవడం అయిపోయాక, బల్ల ఆడది ఎలా అయిందని అడిగేవారు ఉండరు. బల్ల ఆడదీ కాదు, మగదీ కాదు. 'తాబ్ల్' అనే మాట స్త్రీలింగం, అంతే. లాటిన్‌లో దాని తల్లి 'తాబుల' స్త్రీలింగం కాబట్టి ఇదీ స్త్రీలింగం. పుస్తకానికి మూలమైన 'లిబెర్' పుంలింగం కాబట్టి 'లీవ్ర్' పుంలింగం. పేరుతో పాటు ఇంటిపేరు వచ్చినట్టు మాటతో పాటు లింగం వచ్చింది.

ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నవారికి ఇది కొత్త కాకూడదు. భార్య అనే అర్థంలో అక్కడ మూడు మాటలున్నాయి. 'భార్యా' స్త్రీలింగం. 'కళత్రం' నపుంసకలింగం. 'దారాః' పుంలింగం, పైగా నిత్య బహువచనం. ఇంట్లో ఉన్నది ఒక్క ఇల్లాలే, లింగాలు మూడు. ఇది చదివి కూడా ఫ్రెంచ్ బల్ల దగ్గర ఆశ్చర్యపోవడానికి కారణం మన తెలుగు. తెలుగులో లింగం అర్థాన్ని బట్టి నడుస్తుంది. అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. వాళ్లు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఏకవచనంలో మన భాష అడిగేది 'మగవాడా, కాదా' అని. బహువచనంలో అడిగేది 'మనుషులా, కాదా' అని. ఎప్పుడు చూసినా వస్తువు వైపే చూపు. (ఆడవాళ్లను బస్సుతో కలిపి ఒకే క్రియ కట్టబెట్టిన ఘనత మనది. ఫ్రెంచ్‌ను వెక్కిరించే ముందు ఇది గుర్తుంచుకోవాలి.) కాబట్టి ఫ్రెంచ్ మాట ఎదురైనప్పుడు కూడా మనం వస్తువును చూసి, దానిలో ఆడతనం ఎక్కడుందా అని వెతుకుతాం. చూడవలసింది మాటను.

ఇంగ్లీషుకు ఈ గొడవ లేదని అందరూ అంటారు. వెయ్యేళ్ల కిందట ఉండేది. పాత ఇంగ్లీషులో మూడు లింగాలు. సూర్యుడు 'సున్న' స్త్రీలింగం, చంద్రుడు 'మోన' పుంలింగం. అంటే వాళ్లకూ చందమామ మామే. ఇక స్త్రీ అనే అర్థంలో 'వీఫ్' నపుంసకం, 'వీఫ్‌మన్' పుంలింగం, 'క్వేన్' స్త్రీలింగం. సంస్కృతంలోని మూడు భార్యల కథే, ఇంకో దేశంలో. ఈ మూడూ ఇప్పటికీ బతికే ఉన్నాయి: వైఫ్, ఉమన్, క్వీన్. చచ్చిపోయింది లింగాలే. మాటల చివర నొక్కిపలకని అచ్చులు అరిగిపోయి అన్నీ ఒకేలా వినిపించడం మొదలైంది. అరుగుదల ముందు ఉత్తరాన, స్కాండినేవియా వాళ్లతో కలిసి బతికిన ప్రాంతాల్లో కనిపిస్తుంది. లింగాన్ని బట్టి మారే మూడు రూపాల స్థానంలో ఒక్క 'ద' మిగిలింది. పద్నాలుగో శతాబ్దం దాటేసరికి వ్యవస్థ మొత్తం పోయింది. మిగిలినవి 'హీ', 'షీ', 'ఇట్', ఓడను 'షీ' అనే అలవాటు. ఓడల వార్తలకు పేరుమోసిన లాయిడ్స్ లిస్ట్ పత్రిక 2002లో ఆ అలవాటుకు కూడా స్వస్తి చెప్పింది.

మాట లింగం పోయాక ఇంగ్లీషుకు మిగిలింది మనిషి లింగం ఒక్కటే. పని చేసేది ఆడదా మగవాడా అని చెప్పే తోకలన్నమాట. వాటిలో నాకు ఇష్టమైనది 'స్టర్'. ఇది పాత ఇంగ్లీషులో ఆడవాళ్ల పనికి తగిలించే తోక. నేసే ఆమె 'వెబ్‌స్టర్', రొట్టెలు కాల్చే ఆమె 'బాక్‌స్టర్', సారా కాచే ఆమె 'బ్రూస్టర్', నూలు వడికే ఆమె 'స్పిన్‌స్టర్'. తర్వాత ఆ పనుల్లోకి మగవాళ్లు వచ్చారు, తోక అర్థం మరుగున పడింది, మొదటి మూడూ ఇంటిపేర్లయ్యాయి. మీ బల్ల మీదున్న వెబ్‌స్టర్ నిఘంటువు అట్ట మీద ఒక సాలె ఇల్లాలు కూర్చుని ఉందని ఎప్పుడైనా అనుకున్నారా? ఆడదానిగా మిగిలింది నూలు వడికే ఆమె ఒక్కతే. ఆమెకు పట్టిన గతి చూడండి: వడికే పని పోయి 'పెళ్లికాని ఆడది' అయింది, ఆ తర్వాత 'పెళ్లికాక మిగిలిపోయిన ఆడది' అయింది. ఇంగ్లండులో పెళ్లి రిజిస్టర్లలో 2005 దాకా ఈ మాటే రాసేవారు.

'ఎస్' తోక ఫ్రెంచ్ సరుకు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పాలకుల భాష ఫ్రెంచ్ అయింది, 'ప్రిన్సెస్', 'కౌంటెస్', 'డచెస్' లాంటి మాటలు ఆ దారినే వచ్చాయి. ఈ తోకతో చిక్కు ఏమిటంటే, జంటలో ఆడమాట మెల్లగా కిందికి జారుతుంది. గవర్నర్ రాష్ట్రాన్ని ఏలుతాడు, గవర్నెస్ పిల్లలకు అక్షరాలు దిద్దిస్తుంది. మాస్టర్ యజమాని, మిస్ట్రెస్ అంటే ఇప్పుడు మొదట తోచే అర్థం ఉంచుకున్న మనిషి. మేయరెస్ అంటే చాలాకాలం మేయరుగారి భార్య. ఫ్రెంచ్‌లోనూ ఇంతే. 'కుత్యూర్యే' అంటే పారిస్‌లో పేరున్న దుస్తుల రూపకర్త, 'కుత్యూర్యేర్' అంటే వీధి చివర కుట్టుమిషను దగ్గర కూర్చున్న ఆమె. మన దగ్గర లేదా? 'స్వామిని' నుంచి వచ్చిన 'సాని' దొరసానిలో మర్యాదగా ఉంది, మంత్రసానిలో పనిమంతురాలు, సానివాడలో ఏమైందో మీకు తెలుసు. ఏ భాషలోనైనా ఆడమాట తనంతట తాను జారదు, ఊరు దాన్ని తోస్తుంది.

అందువల్లే ఇంగ్లీషువాళ్లు ఈ తోకలను కత్తిరించుకుంటూ వస్తున్నారు. 'పొయెటెస్', 'ఆథరెస్' అనే మాటలు ఇప్పుడు పాతబడ్డవే కాక కాస్త చులకనగా కూడా వినిపిస్తాయి. మీరు ఇంగ్లీషు పరిచయంలో 'ఆథర్' అనో 'రైటర్' అనో రాయండి. 'యాక్ట్రెస్' ఇంకా ఊగిసలాటలో ఉంది: ఆస్కార్‌లో ఆ పేరుతో బహుమతి ఉంది, చాలామంది నటీమణులు మాత్రం తమను 'యాక్టర్' అనమంటారు. ప్రిన్సెస్‌కు, డచెస్‌కు ఢోకా లేదు. తమాషా ఏమిటంటే 'విడో' దగ్గర లెక్క తిరగబడింది. అక్కడ ఆడమాటే అసలు, దానికి తోక తగిలించి 'విడోయర్' అనే మగమాట చేసుకున్నారు.

ఇక ఫ్రెంచ్ చేసిన పని దీనికి పూర్తిగా ఎదురు. అది చెప్పే ముందు ఫ్రెంచ్‌లో స్త్రీలింగం చెవికి ఎలా వినిపిస్తుందో చూడాలి. పుస్తకాలు 'చివర ఇ (e) అక్షరం చేర్చండి' అని ఊరుకుంటాయి. చెవికి వినిపించేది 'ఇ' కాదు, దాని ముందున్న హల్లు. చిన్న అనే మాట పుంలింగంలో 'పెతి', స్త్రీలింగంలో 'పెతిత్'. ఆకుపచ్చ 'వెర్', 'వెర్త్'. పుంలింగంలో నిద్రపోతున్న హల్లును స్త్రీలింగపు 'ఇ' తట్టి లేపుతుంది, తాను మాత్రం పలకదు. మనం అటక మీదికి ఎక్కించిన అరసున్నను ఇక్కడ దింపుకోవచ్చు. అరసున్నను అచ్చంగా ముక్కుతో పలికితే ఫ్రెంచ్ అనునాసికం దాదాపు వచ్చేస్తుంది. పెద్ద: 'గ్రాఁ', 'గ్రాఁద్'. తెలుపు: 'బ్లాఁ', 'బ్లాఁష్'. మంచి: 'బోఁ', స్త్రీలింగంలో ముక్కు వదిలేసి 'బొన్'. భారతీయుడు 'ఏఁద్యేఁ', భారతీయురాలు 'ఏఁద్యెన్'. నోటితో నాలుగుసార్లు అనుకుంటే వ్యాకరణ పుస్తకంలో రెండు పేజీలు తగ్గినట్టే.

చెవి పట్టుకోలేని చోటే ప్రమాదం. నాలుగైదేళ్ల కిందట ఒక కుర్రవాడు ఫ్రాన్సులో చదువు కోసం రాసుకున్న ఉత్తరాన్ని పంపేముందు నాకు చూపించాడు. అంతకు ముందు సంవత్సరం వెళ్లిన వాళ్ల అక్క ఉత్తరాన్ని దగ్గర పెట్టుకుని రాసినది. 'ఎత్యుద్యాఁత్' (విద్యార్థిని) అని అక్క రాసినచోట తను 'ఎత్యుద్యాఁ' అని సరిగానే మార్చాడు. 'సెర్యోజ్' (శ్రద్ధగల మనిషి) ఉన్నచోట 'సెర్యో' అన్నాడు. పుట్టిన తేదీ దగ్గర మాత్రం 'నే' అనే మాటను రెండు 'ఇ'లతో అలాగే వదిలేశాడు. ఉత్సాహం ఉందని చెప్పే 'మొతివే', ఆసక్తి ఉందని చెప్పే 'ఏఁతెరెసే', ఇవీ రెండేసి 'ఇ'లతోనే ఉన్నాయి. ఈ మూడూ ఆడవారికైనా మగవారికైనా చెవికి ఒకటే, తేడా రాతలోనే. చదువుకుంటూ మార్చాడు కాబట్టి చెవికి తగిలినవి మారాయి, తగలనివి మిగిలాయి. అబ్బాయిగా చదువుకోబోతున్న మనిషి ఆ కాగితం మీద అమ్మాయిగా పుట్టాడు. అప్పటి నుంచి ఉత్తరాలను పైకి చదివి ఒకసారి, పెదవి కదపకుండా ఒకసారి దిద్దమని చెబుతున్నాను.

సూత్రం ఉందా అన్నారు. మాట అర్థంలో లేదు, చివర కొంత ఉంది. 'స్యోఁ', 'జ్యోఁ' అని ముగిసే 'నాస్యోఁ', 'తెలెవిజ్యోఁ' లాంటివి దాదాపు అన్నీ స్త్రీలింగాలు. స్వేచ్ఛ 'లిబెర్తే'లాగా 'తే'తో ముగిసే గుణవాచకాలూ అంతే. 'ఇస్మ్', 'మాఁ', 'ఆజ్' చివర ఉంటే పుంలింగమనుకోండి. 'ఆజ్'లో మాత్రం పేజీ, సముద్రతీరం, బొమ్మ, పంజరం అనే మాటలు, 'పాజ్', 'ప్లాజ్', 'ఇమాజ్', 'కాజ్', ఎదురు తిరిగి స్త్రీలింగాలయ్యాయి. వీటిని మా ఊళ్లో ఎక్కాలు వల్లె వేసినట్టు వల్లె వేయడమే. కార్ల కంపెనీ పేర్లన్నీ స్త్రీలింగం, ఎందుకంటే కారు అనే మాట 'వ్వాత్యూర్' స్త్రీలింగం. కొత్తమాట వచ్చినప్పుడు కూడా ఇదే తర్కం. 2020 మేలో, ఫ్రెంచ్ భాష మంచిచెడ్డలు చూసే సంస్థ ఫ్రెంచ్ అకాడమీ కోవిడ్‌ను స్త్రీలింగంగా వాడాలని చెప్పింది, అందులో ఉన్నది 'వ్యాధి' కాబట్టి, వ్యాధి 'మలాదీ' స్త్రీలింగం కాబట్టి. అప్పటికే జనం నోట పుంలింగంగా పడిపోయింది. ఇప్పటికీ రెండూ వినిపిస్తాయి.

అన్నిటికంటే పనికొచ్చే సలహా: మాటను 'లె', 'లా'లతో కాకుండా, 'ఒక' అని చెప్పే 'ఏఁ' (పుంలింగం), 'యున్' (స్త్రీలింగం)లతో నేర్చుకోండి. ఎందుకంటే అచ్చుతో మొదలయ్యే మాట ముందు 'లె', 'లా' రెండూ కుంచించుకుపోయి ఒక్క 'ల్' మిగులుతుంది. బడి 'లెకోల్', చెట్టు 'లార్బ్ర్': ఏది ఏ లింగమో ఎవరికి తెలుసు? 'యున్ ఎకోల్', 'ఏఁ నార్బ్ర్' అని నేర్చుకుంటే గుట్టు బయటపడుతుంది. లింగం తప్పితే అర్థం మారిపోయే మాటలూ ఉన్నాయి. 'లా తూర్' అంటే గోపురం, ఈఫిల్ టవర్‌లో ఉన్నది అదే. 'లె తూర్' అంటే చుట్టు తిరగడం, ఫ్రాన్సు చుట్టూ సాగే సైకిల్ పందెంలో ఉన్నది ఇది. 'లె లీవ్ర్' పుస్తకం, 'లా లీవ్ర్' తూకంలో పౌను. ఒకటి లాటిన్ 'లిబెర్' బిడ్డ, రెండోది 'లిబ్ర' బిడ్డ. దారిలో అరిగి అరిగి ఒకేలా అయ్యాయి, లింగం ఒక్కటే వాటి తల్లులను గుర్తుపట్టిస్తోంది.

ఇప్పుడు మీ పరిచయం దగ్గరికి. ఇంగ్లీషు ఆడతోకలను కత్తిరిస్తుంటే, ఫ్రెంచ్ కొత్తవి అతికిస్తోంది. కారణం ఇప్పటిదాకా చెప్పినదే. ఇంగ్లీషులో తోక తీసేస్తే మిగిలే 'ఆథర్' ఎవరికైనా సరిపోతుంది. ఫ్రెంచ్‌లో అందరికీ సరిపోయే గది లేదు. తోక తీస్తే మిగిలేది పుంలింగమే, దాని పక్కన వచ్చే విశేషణాలన్నీ పుంలింగంలోకి మారాలి. ఒక మహిళా మంత్రిని 'మదామ్ లె మినిస్త్ర్' అని పిలిచి, ఆ తర్వాత వాక్యంలో 'ఆమె' అనాలో 'ఆయన' అనాలో తెలియక తంటాలు పడేవారు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం 1979లోనే పదవుల పేర్లకు స్త్రీలింగ రూపాలు వాడమంది. ఫ్రాన్సు ప్రభుత్వం 1986లో ఒకసారి, 1998లో ఒకసారి ఉత్తర్వులిచ్చింది. 1635లో పుట్టిన ఫ్రెంచ్ అకాడమీ మొదటి మహిళను ఎన్నుకున్నదే 1980లో, రచయిత్రి మార్గరీత్ యూర్సెనార్‌ను. పదవుల స్త్రీలింగ రూపాలకు అది తలుపు తీసింది 2019 ఫిబ్రవరిలో. ఈలోగా 2014లో పార్లమెంటులో ఒక సభ్యుడు సభ నడుపుతున్న సాఁద్రీన్ మజెత్యేను ఆమె వద్దంటున్నా పట్టుబట్టి 'మదామ్ లె ప్రెజిదాఁ' అని పిలిచి, నెల భత్యంలో నాలుగో వంతు, 1,378 యూరోలు, జరిమానాగా పోగొట్టుకున్నాడు. ఒక్క 'లె'కు ఇంత ఖరీదు ఇంకెక్కడా వినలేదు.

రచయిత్రికి ఇప్పుడు మూడు రూపాలు వాడుకలో ఉన్నాయి. క్విబెక్‌లో పుట్టినది 'ఓతర్' చివర 'ఇ' చేర్చినది. రాతలో కనిపిస్తుంది, చెవికి మాత్రం మగమాటే. 'ఎక్రివెన్' ఇంకొకటి, బాగానే ఉంటుంది. మూడోది 'ఓత్రీస్'. చాలామంది దీన్ని కొత్తగా పుట్టించిన వికారపు మాట అనుకుంటారు. నిజానికి ఇది శతాబ్దాల కిందటే వాడుకలో ఉండి, మధ్యలో వెలివేతకు గురై, తిరిగి వచ్చిన మాట. నా ఓటు దీనికే. కారణం తెలుగువారిగా మీకు వెంటనే తెలుస్తుంది. 'ఆక్తర్'కు 'ఆక్త్రీస్', 'దిరెక్తర్'కు 'దిరెక్త్రీస్'. ఆ 'త్రీ'ని ఇంకోసారి పలకండి. రచయిత, రచయిత్రి. నేత, నేత్రి. కవయిత్రి, అభినేత్రి. సంస్కృతంలో పని చేసేవాడిని చెప్పే 'తృ'కు స్త్రీలింగం 'త్రీ'. లాటిన్‌లో 'తోర్'కు 'త్రీక్స్', అది ఫ్రెంచ్‌లో 'త్రీస్' అయింది. పోలిక యాదృచ్ఛికం కాదు, రెండు భాషలూ ఒకే పాత ఇంటి ఆస్తిని పంచుకున్నాయి. మీ పేరు పక్కన తెలుగు పత్రికలో పడే చివరి అక్షరమే పారిస్‌లోనూ పడుతుంది.

అయితే 'తర్' ఉన్న ప్రతి మాటా 'త్రీస్' కాదు. గాయకుడు 'షాఁతర్', గాయని 'షాఁతోజ్'. వైద్యుడు 'మెద్సేఁ'కు 'ఇ' చేరిస్తే వైద్యశాస్త్రం అయిపోతుంది, అందుకని ఆ మాటను అలాగే ఉంచి ముందు 'యున్' పెట్టేవారు పెరుగుతున్నారు. వంటవాడు 'క్వీజిన్యే', వంటామె 'క్వీజిన్యేర్', ఆ రెండో మాటకే గ్యాస్ పొయ్యి అని కూడా అర్థం. ఇలాంటిచోట సందర్భమే దిక్కు.

మీరు పంపిన ముసాయిదాలో దిద్దవలసినవి మూడు. 'ఓతర్' తీసి 'ఓత్రీస్' రాయండి. 'నే' చివర రెండో 'ఇ' మరిచిపోయారు, చేర్చండి. 'నేనూ నా ఇద్దరు అక్కలూ హైదరాబాదులో పుట్టాం' అన్నచోట క్రియారూపం పుంలింగ బహువచనంలో ఉంది. మీలో ఒక్క అన్నయ్య ఉన్నా అదే సరైనది, ఎందుకంటే వందమంది స్త్రీల మధ్య ఒక్క పురుషుడున్నా ఫ్రెంచ్ బడిలో నేర్పే సూత్రం ప్రకారం గుంపంతా పుంలింగమే. మన 'వాళ్లు', 'పుట్టారు' ఈ పేచీ పెట్టవు. మీరు ముగ్గురూ ఆడవారే కాబట్టి అక్కడ కూడా ఒక 'ఇ' పడాలి, బహువచనపు 'ఎస్' కన్నా ముందు.